‘ఇది మన ఫోజీ కాదు’: అభిమాని మాటలో దాగిన పనితనం

(బొమ్మలాట, సినిమా నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. చివర రెండు ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ్టి విషయం 2011 నవంబరు 23న అమెరికాలో విడుదలైన ‘ది మపెట్స్’ అనే చేతిబొమ్మల సినిమా. అది బాగుందా, బాగోలేదా అని తీర్పు చెప్పబోవడం లేదు. దాని మీద అభిమానులు విరుచుకుపడ్డ చోట్లు కొన్ని ఉన్నాయి, కళ్లనీళ్లు పెట్టుకున్న చోట్లు కొన్ని ఉన్నాయి. ఈ రెండింటికీ కారణాలు వెతికితే కొన్ని బొమ్మ లోపలి చేతిలో దొరుకుతాయి, కొన్ని కథ రాసిన కాగితం మీద దొరుకుతాయి. అభిమాని మాత్రం ఫోజీ అనే ఎలుగుబంటి బొమ్మని చూసి ‘ఇది మన ఫోజీ కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఎందుకు కాదో చెప్పడం అతనికి రాకపోవచ్చు. వెతకాల్సింది మనం, ఎందుకంటే రేపు బొమ్మ పట్టుకునేది మనమే.

మపెట్స్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు నిమిషాలు. జిమ్ హెన్సన్ 1955లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ స్టేషన్‌లో ‘సామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే ఐదు నిమిషాల కార్యక్రమం మొదలుపెట్టాడు. తర్వాత కప్పగా పేరుపడ్డ కెర్మిట్ అప్పుడే పుట్టాడు. ఒంటికి వాళ్లమ్మ పాత కోటు గుడ్డ, కళ్లకి పింగ్‌పాంగ్ బంతి రెండు చెక్కలు. 1976 నుంచి 1981 దాకా ‘ది మపెట్ షో’ నడిచింది. ఐదు సీజన్లు, 120 ఎపిసోడ్లు, ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో తీశారు, వందకు పైగా దేశాల్లో చూశారు. మొదటి సినిమా 1979లో వచ్చింది. 1990 మే 16న, 53 ఏళ్లకే హెన్సన్ పోయాడు. ఆ తర్వాత 1992, 1996, 1999ల్లో మూడు సినిమాలు వచ్చాయి. 2004లో ఈ పాత్రల్ని డిస్నీ కొనేసింది. మన దేశంలో ‘గలీ గలీ సిమ్ సిమ్’గా వచ్చిన సెసమీ స్ట్రీట్ బొమ్మలు ఈ బేరంలో లేవు, వాటి యజమానులు వేరు. చాలామంది రెండింటినీ కలగలిపేస్తారు, అందుకే చెబుతున్నాను.

అంటే 1999 తర్వాత పన్నెండేళ్ల పాటు థియేటర్లో మపెట్ సినిమా లేదు. ఆ ఖాళీలోకి 2011 సినిమా వచ్చింది. రాసింది నటుడు జేసన్ సీగల్, నికొలస్ స్టోలర్. దర్శకుడు జేమ్స్ బాబిన్. పాటలు బ్రెట్ మెకెంజీ. సీగల్ చిన్నప్పటి నుంచీ మపెట్ల పిచ్చి ఉన్నవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

కథ తేలికే. పాత మపెట్ థియేటర్ కింద చమురు ఉందని టెక్స్ రిచ్‌మన్ అనే ధనవంతుడు దాన్ని కూలగొట్టబోతాడు. కోటి డాలర్లు కట్టి ఆపాలి. చెల్లాచెదురైపోయిన బొమ్మలన్నింటినీ కూడగట్టి, టీవీలో విరాళాల షో చేస్తారు. ఈ కదలికకి కారకుడు వాల్టర్ అనే కొత్త బొమ్మ. మపెట్ షోకి వీరాభిమాని.

గొడవ సినిమా రాకముందే మొదలైంది. మిస్ పిగ్గీ అనే పంది, ఫోజీ, డ్రమ్ములు వాయించే యానిమల్, సామ్ ఈగిల్ అనే గద్ద, వీళ్లందరికీ ఏళ్ల తరబడి ప్రాణం పోసిన ఫ్రాంక్ ఓజ్, స్క్రిప్టు తనకి నచ్చలేదని, పాత్రల్ని గౌరవించినట్టు లేదని బాహాటంగానే అన్నాడు. పాతవాళ్లలో ఇంకొందరికి కూడా గుబులుగా ఉందని పత్రికలు రాశాయి. వాళ్లు వేలు పెట్టి చూపించింది ట్రైలర్లో ఉన్న ఒక జోకుని. ఫోజీ అనే ఎలుగుబంటి అపానవాయువు శబ్దం చేసే బూట్లు వేసుకొస్తాడు. అంతే జోకు. [నవ్వులు]

మీరు నవ్వారు. నవ్వొచ్చే విషయమే. మరి దాని మీద అంత రభస ఎందుకు జరిగింది?

‘బూతు కాబట్టి’ అన్నవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ వాదన నిలబడదనిపిస్తుంది. మన తోలుబొమ్మలాటనే తీసుకోండి. రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు దిగుతారు. వాళ్ల సరసం ముందు ఈ బూట్లు ఏపాటి? అయినా ఊళ్లో ఎవరూ లేచి వెళ్లిపోరు. ఆ మోటు మాట కేతిగాడి సొత్తు. అదే మాట హనుమంతుడి నోట పెట్టండి, అప్పుడు తెలుస్తుంది. జనం బూతుని లెక్కగట్టరు, అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూస్తారు.

ఫోజీ ఎవరు? పేలని జోకులు వేసే హాస్యగాడు. జోకు వేసి, ‘వొకా వొకా’ అని తనే నవ్వి, టోపీ సర్దుకుని, జనం వైపు ఆశగా చూస్తాడు. పైన బాల్కనీలో కూర్చున్న స్టాట్లర్, వాల్డోర్ఫ్ అనే ఇద్దరు ముసలాళ్లు వెంటనే ఉతికి ఆరేస్తారు. ఇందులో మనం నవ్వేది జోకుకి కాదు. జోకు చచ్చిపోయాక ఫోజీ మొహంలో కనిపించే ఆ అర క్షణానికి. బూట్ల జోకులో ఆ అర క్షణం లేదు. శబ్దం రాగానే నవ్వు అక్కడే అయిపోతుంది, ఫోజీకి చేయడానికి ఏమీ మిగలదు. ఆ బూట్లు ఎవరి కాళ్లకి తొడిగినా అదే నవ్వు వస్తుంది. పాత్ర లేకుండా కూడా బతికే జోకు పాత్రకి అక్కర్లేదు. అభిమానుల అభ్యంతరాన్ని మన పని భాషలోకి మారిస్తే ఇదీ వచ్చేది. సినిమాలో ఆ ముక్క కొన్ని సెకన్లే ఉంది, రభస దాని సైజుకి మించి జరిగింది, అది ఒప్పుకోవాలి. కానీ ట్రైలర్లో పెట్టారు చూడండి, అది తప్పు. పన్నెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి నోట మొదటి మాటగా అది వినబడింది.

చిత్రమేమిటంటే, ఆ సినిమా ట్రైలర్లలో మిగతావి అభిమానులకి పండగే. మొదటిది మామూలు ప్రేమకథలా మొదలై, మధ్యలో కెర్మిట్ ఊడిపడతాడు. తర్వాత అప్పట్లో వస్తున్న పెద్ద సినిమాల ట్రైలర్లని ఒక్కొక్కటే వెక్కిరిస్తూ వరసగా వదిలారు. మపెట్ షో స్వభావమే అది, పేరడీ. అక్కడ ఎవరూ కిమ్మనలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. గొంతు, మణికట్టు.

ఒకసారి అందరూ కుడిచెయ్యి పైకెత్తండి. ఇంకా పైకి, మోచెయ్యి చెవి దగ్గరికి రావాలి. నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి ముందుకి వంచండి, బొటనవేలు కింద. ఇదే బొమ్మ నోరు. పై నాలుగు వేళ్లు పై దవడ, బొటనవేలు కింది దవడ. ఇప్పుడు ‘నమస్కారం’ అనండి, నోటితోనూ చేత్తోనూ కలిపి.

చూశారా, సగంమంది పై వేళ్లు లేపుతున్నారు. అలా చేస్తే బొమ్మ ప్రతి అక్షరానికీ తల వెనక్కి ఎగరేస్తుంది, కళ్లు సీలింగ్ కేసి పోతాయి. పై వేళ్లు కదలకూడదు, బొటనవేలే దిగాలి. మణికట్టు కొంచెం ముందుకి వంచి ఉంచండి, అప్పుడే బొమ్మ చూపు ఎదుటివాడి మీద ఉంటుంది. రెండో తప్పు, అక్షరం పలికే క్షణంలో నోరు మూస్తున్నారు. బొమ్మ మాటల్ని కొరుక్కు తింటున్నట్టు ఉంటుంది. పలికేటప్పుడు తెరుచుకోవాలి. న, మ, స్కా, రం. నాలుగుసార్లు తెరవాలి. ‘స్కా’ దీర్ఘం కాబట్టి కొంచెం ఎక్కువ తెరిచి, ఎక్కువసేపు ఉంచాలి. ‘రం’ దగ్గర సున్నా ఉంది కాబట్టి తెరిచి మూయాలి. తెలుగులో చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ప్రతి మాట చివరా టక్కున మూసేస్తే ఆఖరి అక్షరం మింగినట్టవుతుంది. వదిలేసినట్టు మెల్లగా మూయాలి.

చేతులు దించకండి, ఇంకో నిమిషం. [నవ్వులు] నొప్పి పుడుతోందా? మీకు తెలియకుండానే చేతులు రెండంగుళాలు దిగాయి. కెమెరాలో అయితే బొమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ భూమిలోకి కుంగిపోయినట్టు కనిపిస్తుంది. ముంజెయ్యి నిటారుగా లేకపోతే కుంగడం తొందరగా మొదలవుతుంది. బొమ్మ ఒంటి మీద ఒక గుర్తు పెట్టుకుని, అది ఫ్రేము కింది అంచు దాటి దిగకుండా చూసుకోవడమే మందు. సరే, దించండి.

ఇక్కడే హెన్సన్ చేసిన పెద్ద మార్పు ఉంది. అంతకుముందు టీవీలో బొమ్మలాటకి చిన్న తెర, చిన్న రంగస్థలం కట్టి, దాన్ని కెమెరాతో తీసేవారు. హెన్సన్ టీవీ ఫ్రేమునే రంగస్థలం చేశాడు. సెట్టుని ఎత్తుగా కడతారు, ఆడించేవాళ్లు కింద నడుస్తుంటారు, తలకి మైకు ఉంటుంది, ఎదురుగా మానిటర్. వాళ్లు బొమ్మని చూడరు, కెమెరా చూస్తున్న బొమ్మని మానిటర్లో చూస్తారు. అది అద్దం కాదు. మీరు చెయ్యి కుడివైపుకి జరిపితే తెర మీద బొమ్మ ఎడమవైపుకి వెళ్తుంది. కొత్తవాళ్లు మొదట్లో బొమ్మని ఎదుటి పాత్ర వైపు తిప్పబోయి అవతలి వైపు తిప్పేస్తారు. ఇది బుర్రతో లెక్కగట్టి చేసే పని కాదు, చేతికి అలవాటవ్వాల్సిందే.

ఇంకో చేతి సంగతి. కెర్మిట్, పిగ్గీ లాంటి బొమ్మల చేతులకి సన్నటి కడ్డీలు ఉంటాయి. కుడిచెయ్యి తలలో, ఎడమచేత్తో రెండు కడ్డీలూ. పియానో వాయించే రోల్ఫ్ అనే కుక్కకి కడ్డీలుండవు, బొమ్మ చేతుల్లో మనిషి చేతులే ఉంటాయి. ప్రధాన కళాకారుడిది తల, ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఇంకొకరిది, పక్కనే అతుక్కుని నిలబడతారు. స్వీడిష్ షెఫ్ అయితే ఇంకా తమాషా. తలా గొంతూ హెన్సన్‌వి, రెండు చేతులూ ఫ్రాంక్ ఓజ్‌వి. చేతులు గుడ్డు విసురుతాయో, గరిటె విసురుతాయో తలకి ముందుగా తెలియదు. ఆ కంగారే హాస్యం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మపెట్ పద్ధతిలో గొంతూ, తలలోని చెయ్యీ ఒకే మనిషివి, ఒకే సమయంలో. కార్టూను సినిమాలో గొంతు మారిస్తే గొంతే మారుతుంది. ఇక్కడ మనిషి మారితే గొంతుతో పాటు మణికట్టు, మాటకి మాటకి మధ్య ఆగే ఆగడం, వినేటప్పుడు తల వంచే తీరు, అన్నీ మారతాయి. మన తోలుబొమ్మలాట కుటుంబాల్లోనూ అంతే కదా, తెర వెనక బొమ్మ పట్టుకున్నవాడే పద్యం ఎత్తుకుంటాడు. అభిమాని ‘గొంతు తేడాగా ఉంది’ అని ఫిర్యాదు చేస్తే, పదిలో నాలుగైదుసార్లు తేడా చేతిలో ఉంటుందని నా అంచనా. చెవి పట్టుకుంది, కారణం కంట్లో ఉంది.

డబ్బింగ్ సినిమాలు చూసే మనకి ఇది పెద్దగా వివరించక్కర్లేదు. సూర్యకి శ్రీనివాసమూర్తి గొంతు అలవాటయ్యాక ఇంకో గొంతు వినిపిస్తే హాల్లో కూర్చున్నవాడు ఉలిక్కిపడతాడు.

హెన్సన్ పోయాక కెర్మిట్‌ని స్టీవ్ విట్‌మైర్ తీసుకున్నాడు, 1990 నుంచి 2016 దాకా. అంటే 2011 సినిమా నాటికి ఇరవై ఏళ్లు దాటింది. పిగ్గీ, ఫోజీ, యానిమల్ ఎరిక్ జేకబ్సన్ చేతికి వచ్చి పదేళ్లు. గోంజో అనే బొమ్మ మాత్రం 1976 నుంచీ డేవ్ గోల్జ్ దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు అభిమానుల్లో చీలిక చూడండి. మపెట్ షో చూస్తూ పెరిగినవాళ్లకి అసలు కెర్మిట్ అంటే హెన్సన్. విట్‌మైర్ గొంతు వాళ్లకి కాస్త పలచగా, కుర్రగా వినిపిస్తుంది. 1992 క్రిస్మస్ సినిమా చూస్తూ పెరిగినవాళ్లకి విట్‌మైరే అసలు కెర్మిట్. వీళ్లిద్దరూ ‘పాత కెర్మిట్ కావాలి’ అనే అంటారు, అడిగేది ఇద్దరు వేర్వేరు మనుషుల్ని. 2017లో మ్యాట్ వోగెల్ కెర్మిట్‌ని అందుకున్నప్పుడు ఈ రెండో వర్గం వాళ్లే అందరికంటే గట్టిగా అరిచారు. కాబట్టి ‘అభిమానులు ఇలా అంటున్నారు’ అని ఎవరైనా చెబితే, ఏ వయసు అభిమానులు అని అడగండి.

ఒక పాత్రని మరొకరికి అప్పగించడంలో రెండు దారులున్నాయి. కెర్మిట్‌ని ఆపలేదు, హెన్సన్ పోయిన ఏడాది చివర్లో ఆయన స్మారక కార్యక్రమంలోనే కొత్త గొంతుతో కనిపించాడు. హెన్సనే ఆడించిన రోల్ఫ్‌ని మాత్రం కొన్నేళ్ల పాటు పెద్దగా మాట్లాడనివ్వలేదు. వెనక కూర్చుని పియానో వాయించేవాడు అంతే. తర్వాత బిల్ బరెటా అందుకున్నాడు. అభిమానులు రోల్ఫ్ విషయంలో చాలా తక్కువ గొడవ చేశారు. ఆ మౌనం సంతాపంలా పనిచేసిందని నేననుకుంటాను. ప్రధాన పాత్రకి ఆ వెసులుబాటు దొరకదు, నిజమే.

మరి వారసుడు ఎలా సాధన చేయాలి? పాత ఎపిసోడ్లో ఒక నిమిషం ముక్క తీసుకోండి. మొదట శబ్దం ఆపేసి చూడండి, మణికట్టు మాత్రం అనుకరించండి. తల ఎప్పుడు వంగుతోంది, ఎదుటి పాత్ర మాట్లాడేటప్పుడు ఎంత కదులుతోంది అన్నది గమనించండి. కొత్తవాళ్లు వినేటప్పుడు కూడా బొమ్మని ఊపుతూనే ఉంటారు, కెర్మిట్ దాదాపు కదలడు. ఆ తర్వాత బొమ్మని పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వినండి. గొంతు రంగుని పట్టుకోవడానికి తాపత్రయపడకండి, అది మిమిక్రీ అవుతుంది. ఎక్కడ ఆగుతున్నాడు, ఎక్కడ ఊపిరి తీస్తున్నాడు, ఏ మాట మీద బరువు పెడుతున్నాడు అనేది రాసుకోండి. కెర్మిట్ సంగతే చూస్తే, నాలుగు మాటలు అణుచుకుని మాట్లాడి, అయిదో మాటకి పగులుతాడు. చేతులు గాల్లోకి లేచేది అప్పుడే. మొదటి మాట నుంచే చేతులు ఊపితే పగలడానికి ఏమీ మిగలదు. మూడోసారి రెండూ కలపండి. గొంతు కొంచెం తేడాగా ఉన్నా జనం సర్దుకుంటారు. ఆగాల్సిన చోట ఆగకపోతే సర్దుకోరు.

బొమ్మ తయారీ గురించి కూడా కొంచెం. అభిమానులు ‘కెర్మిట్ మొహం మారింది’ అంటే నవ్వేయకండి. బొమ్మలు మారతాయి. లోపలి పాలియురేథేన్ ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసెక్కి, పొడిగా రాలిపోతుంది. అందుకే ఒక్కో పాత్రనీ మళ్లీ మళ్లీ కొత్తగా కడుతూనే ఉంటారు. 1955 నాటి మొదటి కెర్మిట్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, తెర మీదకి రాదు. కొత్తగా కట్టినప్పుడు తేడా ఎక్కడ వస్తుంది? ముందు కళ్లలో. డాన్ సాలిన్ అనే తయారీదారు కళ్లకీ ముక్కుకీ మధ్య ఉండాల్సిన త్రికోణం మీద ప్రాణం పెట్టేవాడు. రెండు కంటిపాపలూ ఒకదానివైపు ఒకటి కొద్దిగా ఒరిగి ఉంటేనే బొమ్మ ఎవరినో చూస్తున్నట్టుంటుంది. రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగాయా, చూపు శూన్యంలోకి పోతుంది. కెర్మిట్‌కి గుండ్రటి పాప కాదు, అడ్డగీత మధ్యలో ఉబ్బినట్టు ఉంటుంది. ఆ గీత కొంచెం వాలితే చాలు, కెర్మిట్ నిద్రమొహం వేస్తాడు.

తర్వాత గుడ్డ. నూగు లేచి ఉండే ప్రత్యేకమైన ఫ్లీస్, రంగు అద్దుకుంటారు. రెండు అద్దకాల్లో ఒకే ఆకుపచ్చ తేవడం గగనం. కుట్టు చేతికుట్టే. అంచుకి అతి దగ్గరగా, రెండు వైపులా మార్చి మార్చి పొడుస్తూ లాగి, తర్వాత సూది మొనతో గుడ్డ నూగుని పైకి లేపి కుట్టు మీద కప్పేస్తారు. మెషీన్ మీద కుడితే కుట్టు గాడిలా కనిపిస్తుంది, పెద్ద తెర మీద ఇంకా ఘోరం. కెర్మిట్ తలలో పెద్దగా ఫోమ్ ఉండదు, గుడ్డ, దాని వెనక నేరుగా చెయ్యి. పిడికిలి బిగిస్తే మొహం మొత్తం లోపలికి ముడుచుకుపోతుంది. కెర్మిట్ గుటక మింగే మొహం అదే. తల గట్టిగా కట్టారంటే ఆ మొహం పోయినట్టే. ఇది మాత్రం 2011 సినిమాలో చాలా బాగా నిలబెట్టారు. పాత ఫొటోలు వెలిగే గదిలో కెర్మిట్ ఒంటరిగా పాడే పాట చూడండి, మొహంలో సగం పని ముడతలు చేస్తాయి.

సరే, కథ దగ్గరికి వద్దాం. ఇక్కడ అభిమానుల ఫిర్యాదులు మూడు రకాలు, మూడింటికీ ఒకే విలువ లేదు.

‘మపెట్లని ప్రపంచం మర్చిపోయింది’ అన్న పునాది మీద సినిమా నడుస్తుంది. ‘ఎవరు మర్చిపోయారు?’ అన్నారు అభిమానులు. నిజమే. మధ్యలో టీవీ సినిమాలు వచ్చాయి, 2009లో ‘బొహీమియన్ రాప్సొడీ’ పాటకి మపెట్లు చేసిన వీడియోని యూట్యూబ్‌లో జనం ఎగబడి చూశారు. అభిమాని ఒక్కరోజు కూడా మర్చిపోలేదు కాబట్టి అతనికి గుచ్చుకుంది. కానీ టికెట్టు కొనేవాళ్లలో వాళ్లెంతమంది? ఏడేళ్ల పిల్లకి కెర్మిట్ ఎవరో చెప్పాలంటే ఈ దారి పనికొచ్చింది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే, తీర్చగలిగింది మాత్రం కాదు.

రెండోది, మనుషులు ఎక్కువయ్యారని. వాల్టర్ అన్న గ్యారీ, అతని ప్రేయసి మేరీ, ఈ ఇద్దరు మనుషుల ప్రేమకథకి బోలెడు సమయం పోయింది, రిజ్జో ఎలుక కనిపించీ కనిపించనట్టు మాయమైంది. ఇది లెక్కకి దొరికే తప్పు. గుంపుగా ఉండే పాత్రల సినిమాలో ఎవరికి ఎన్ని మాటలు వచ్చాయో స్క్రిప్టు దశలోనే పట్టిక వేసుకోవాలి. ప్రతి పాత్రకీ ఎవరో ఒకరు ప్రాణమిచ్చే అభిమాని ఉంటాడు. నిడివి ఇవ్వలేకపోతే కనీసం ఆ పాత్ర మాత్రమే చేయగల ఒక్క పని ఇవ్వాలి.

మూడోది నాకు అన్నింటికంటే లోతైనదిగా కనిపిస్తుంది. కెర్మిట్ నీరసపడిపోయాడన్నారు. 1979లో చిత్తడినేలలో దుంగ మీద కూర్చుని బాంజో వాయించే కప్ప బయల్దేరుతుంది, దారిలో ఒక్కొక్కరూ ఆ కప్ప వెంట పడతారు. 2011లో కెర్మిట్ పెద్ద ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే వాల్టర్ వచ్చి లాక్కెళ్లాలి. లాగేవాడు లాగబడేవాడయ్యాడు. ఎందుకిలా? రాసినవాడు అభిమాని కాబట్టి. గుర్తుపెట్టుకోమన్నాను కదా. అభిమాని రాసిన కథలో అభిమానే కథానాయకుడవుతాడు. వాల్టర్ అంటే సీగల్, వాల్టర్ అంటే హాల్లో కూర్చున్నవాడు. అందుకే మొదట ‘డిస్నీ అమ్ముకోవడానికి తెచ్చిన కొత్త బొమ్మ’ అని వాల్టర్‌ని తిట్టినవాళ్లే, సినిమా చూశాక చాలామంది మెత్తబడ్డారు. పీటర్ లింజ్ ఆ బొమ్మని వినయంగా ఆడించాడు, స్టేజీ లాక్కోడు. చివర్లో వాల్టర్ చేసేది ఈల వేయడం, అంతే. ఆ ఈల ఆండ్రూ బర్డ్ అనే సంగీతకారుడు వేశాడు.

ముగింపు మీద కూడా గొణుగుడు ఉంది. కోటి డాలర్లు రావు, థియేటర్ పోతుంది, కెర్మిట్ మెట్ల మీద నిలబడి అందరికీ ధైర్యం చెబుతాడు. అక్కడికి ఆపి ఉంటే బాగుండేది. రిచ్‌మన్ తలకి దెబ్బ తగిలి మనసు మార్చుకున్న సంగతిని పేర్లు పడుతుండగా వార్తా శీర్షికల్లో తేల్చేశారు. హడావిడిగా ముడి వేసినట్టుంది, నేనూ అభిమానుల పక్షమే. ఈ రిచ్‌మన్ పాత్ర చూసి, పిల్లలకి ధనవంతుల మీద ద్వేషం నూరిపోస్తున్నారని ఒక అమెరికన్ బిజినెస్ చానల్ విరుచుకుపడింది. లండన్‌లో విలేకరుల ముందు కెర్మిట్, పిగ్గీ కలిసి దానికి జవాబు చెప్పారు. బొమ్మలతో వాదనకి దిగితే గెలవలేరు. [నవ్వులు]

మరి ఏడిపించిన చోట్లు? పాత్రలు చెల్లాచెదురయ్యాక ఎక్కడెక్కడ తేలారో చూపించే వరస అందరికీ నచ్చింది. పిగ్గీ పారిస్‌లో ఫ్యాషన్ పత్రికలో, గోంజో మరుగుదొడ్ల వ్యాపారంలో కోటీశ్వరుడు, యానిమల్ కోపం తగ్గించుకునే కేంద్రంలో డ్రమ్ము ముట్టకుండా, ఫోజీ రీనో పట్నంలో నకిలీ మపెట్ల ముఠాతో. ప్రతిదీ ఆ పాత్ర గుణంలోంచి పుట్టింది. ఫోజీ అంత దిగజారినా స్టేజీ మాత్రం వదల్లేదు. బూట్ల జోకు రాసిన చేతులే ఇదీ రాశాయి, చూడండి.

ఇక పాత షో మొదలయ్యే దృశ్యం, కమానుల్లో ఒక్కొక్కరూ నిలబడి పాడేది, అలాగే మళ్లీ కట్టారు. ఇక్కడ కొత్తదనం చూపించాలన్న దుగ్ధ ఎవరికైనా పుడుతుంది. పుట్టలేదో, అణుచుకున్నారో తెలియదుగానీ, పాత వరుస, పాత నిలబడే తీరు చెడగొట్టలేదు. 120 ఎపిసోడ్లు చూసినవాడికి ఏ కమానులో ఎవరుండాలో నోటికొచ్చు. పాత గుర్తుని తిరిగి చూపిస్తే పూర్తిగా చూపించాలి, సగం మార్చి చూపిస్తే అదీ ఇదీ కాకుండా పోతుంది. కొత్తదనానికి వేరే చోటుంది. ‘మ్యాన్ ఆర్ మపెట్’ పాట పూర్తిగా కొత్తదే, 2012లో ఆస్కార్ తెచ్చుకుంది. ఆ ఏడాది పోటీలో ఉన్నవి రెండే పాటలనుకోండి, అది వేరే సంగతి. [నవ్వులు]

వసూళ్లు కూడా ఒక మాట. ఈ సినిమాకి సుమారు 4.5 కోట్ల డాలర్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి 16.5 కోట్ల దాకా వచ్చాయి. 2014లో వచ్చిన రెండో భాగంలో అభిమానులు అడిగినట్టే మనుషుల్ని తగ్గించి, బొమ్మల గుంపుకి చోటిచ్చారు. చాలామంది అభిమానులు దీన్నే మెచ్చుకున్నారు. వచ్చింది మాత్రం 8 కోట్లు, అంటే సగం. అభిమాని ఫిర్యాదు పనితనం గురించి నిజం చెబుతుంది. టికెట్ల గురించి అతన్ని అడగకండి.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, ఇప్పుడు గ్రాఫిక్స్‌లో ఏదైనా చేయొచ్చు కదా. కడ్డీలు, చేతి నొప్పి ఇవన్నీ లేకుండా కంప్యూటర్లోనే కెర్మిట్‌ని చేస్తే అభిమానులు గుర్తుపడతారా?

జవాబు: గుర్తుపడతారమ్మా, మొదటి నిమిషంలోనే. గ్రాఫిక్స్ వాడకూడదని కాదు. కడ్డీలని, ఆడించేవాళ్లని తెర మీద చెరిపేయడానికి వాడతారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మొదటి సినిమాలో హెన్సన్ దుంగ కింద నీళ్లలో ముంచిన ఇనప డబ్బాలో ఇరుక్కుని కెర్మిట్‌ని ఆడించాడు, చెయ్యి మాత్రం రబ్బరు తొడుగులోంచి పైకి వచ్చేది. ఇవాళ అంత కష్టం అక్కర్లేదు. తేడా ఎక్కడ వస్తుందంటే, చేతికి బరువుంటుంది, అలసట ఉంటుంది, చిన్న వణుకు ఉంటుంది. తల ఆగినా గుడ్డ ఇంకో క్షణం కదులుతుంది. ఇద్దరు బొమ్మలాటగాళ్లు పక్కపక్కన నిలబడి ఉంటే ఒకడు మాట మార్చగానే రెండోవాడు అక్కడికక్కడే అందుకుంటాడు. వీటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్లో అద్దాలంటే బొమ్మ ఆడించడం కన్నా ఖర్చెక్కువ.

ప్రశ్న: మా తాతగారి బొమ్మలాటని మేం మళ్లీ మొదలుపెడుతున్నాం సార్. పాత ప్రేక్షకులు ‘మీ తాతలా లేదు’ అంటే ఏం చేయాలి?

జవాబు: అన్న మనిషిని వదలకండి. కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఏ ఘట్టంలో అనిపించిందో అడగండి. గొంతా, పద్యమా, బొమ్మ నడకా? ‘అంతా’ అంటాడు ముందు. అప్పుడు ఒక్క ఘట్టం ఆయన ముందు ఆడండి, ఆయన ఎక్కడ మొహం చిట్లిస్తాడో చూడండి. అక్కడ ఆపి, ఇంకోలా ఆడండి. తాతగారి రికార్డింగులుంటే అన్నింటికంటే ముందు వాటి నకళ్లు రెండు చోట్ల దాచండి. క్యాసెట్లయితే ఈ ఎండాకాలంలోపే కంప్యూటర్లోకి ఎక్కించండి, టేపు అతుక్కుపోతుంది. తోలుబొమ్మలు పాతవైతే ఆడించకండి, మడత దగ్గర చిట్లుతాయి. వాటి మీద పల్చటి కాగితం పరిచి ఆకారాలు గీసుకుని, కొత్త తోలు మీద చేయించండి. కీళ్ల దగ్గర ముడి ఎంత వదులుగా వేశారో కొలిచి రాసుకోండి. బొమ్మ నడకంతా ఆ వదులులోనే ఉంటుంది. ‘మీ తాతలా లేదు’ అన్నాయన చూసింది ఆ నడకనేమో, ముందు అది చూసుకోండి.